పాట మనది, పద్దు పొరుగింటిది

నెల్లూరు మీద స్కేలు పెట్టి పటంలో నిలువుగా కిందికి ఒక గీత గీయండి. గీత సూళ్లూరుపేటను తాకి, చెంగల్పట్టు పక్కగా పోయి, బంగాళాఖాతంలో దిగి, జాఫ్నా దగ్గర గట్టెక్కి, కొంచెం పడమరకు జరిగితే చాలు, నేరుగా కొలంబోకు చేరుతుంది. రెండు ఊళ్లూ 80 డిగ్రీల రేఖాంశానికి అటూ ఇటూగా ఉన్నవే. కాకి ఎగిరే దారిన దూరం సుమారు 830 కిలోమీటర్లు. ఢిల్లీకి దాదాపు 1,600. అంటే నెల్లూరు పక్కనున్న మైపాడు ఒడ్డున నిలబడ్డవాడికి మన రాజధానికంటే కొలంబోనే సగానికి సగం దగ్గర.

చిన్నప్పుడు ఈ లెక్క మాకు తెలియదు. తెలిసిందల్లా, చీకటి పడ్డాక రేడియో మర తిప్పితే కొలంబో ఖణీమని పలుకుతుందని, ఢిల్లీ గురగురమంటుందని. మా మేనమామకు ట్రంకు రోడ్డులో సైకిల్ షాపు. షాపులో మర్ఫీ రేడియో, దాని నుదుటి మీద స్టేషను కుదిరితే దగ్గరకు ముడుచుకునే పచ్చటి కన్ను, గోడ పొడుగునా జల్లెడ పట్టీలాంటి ఏరియల్. రేడియో అద్దం మీద ఒకచోట ఆయన మైనం పెన్సిలుతో చిన్న గాటు పెట్టుకున్నాడు. అది సిలోన్. పిలకాయలు మర ముట్టుకుంటే ఊరుకొనేవాడు కాదు. పంక్చర్లు వేసే చేతికి ఎంత గ్రీజు ఉన్నా, ఆ మరను మాత్రం గుడ్డతో తుడుచుకున్న వేళ్లతోనే తిప్పేవాడు.

ఇరుగు పొరుగు దేశాల్లో ఏ పాట ఎంత ఆడింది, ఏ ఆల్బమ్ ఎక్కడ మొదటి మెట్టెక్కింది అనే సంగతులు పోగేయడం నాకున్న పిచ్చి. అమెరికా–కెనడా, ఆస్ట్రేలియా–న్యూజీలాండ్ లెక్కలు పుస్తకాల్లో దొరుకుతాయి. మనకూ లంకకూ మధ్య అలాంటి లెక్క ఉందా అని వెదికితే తేలిన మొదటి వింత ఇది: మన పాటల జమాఖర్చుల పుస్తకం కొన్ని దశాబ్దాలపాటు పొరుగువాళ్ల ఇంట్లోనే ఉంది.

*పంతొమ్మిది రోజుల తేడా*

బ్రిటన్‌లో రికార్డు అమ్మకాలను బట్టి పాటలకు వరస కట్టిన మొదటి పట్టిక 1952 నవంబరు 14న ఒక సంగీత వారపత్రికలో అచ్చయింది. ఆ పత్రిక ఉద్యోగి ఒకాయన ఇరవై దాకా షాపులకు ఫోన్లు చేసి, ఏ పాట ఎక్కువ పోతోందని అడిగి రాసుకున్నాడు. అంతే, అదే చార్టు. సరిగ్గా పంతొమ్మిది రోజులకు, డిసెంబరు 3 బుధవారం రాత్రి, రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. ఒకరి సంగతి ఒకరికి తెలిసి చేసిన పని కాదు గానీ, పాటలకు మార్కులు వేసే సరదా ఒకే చలికాలంలో రెండుచోట్ల పుట్టడం విశేషమే.

దాని పుట్టుక చూడండి ఎంత తిరకాసో. టూత్‌పేస్టు స్విట్జర్లాండ్ కంపెనీది. పాటలు బొంబాయివి. సయానీ మాటలు కూడా బొంబాయిలోనే రికార్డయ్యేవి. ఆ టేపు విమానం ఎక్కి కొలంబోకు పోయేది. అక్కడ ట్రాన్స్‌మీటరు దాన్ని ఆకాశంలోకి విసిరితే, తిరిగి వచ్చి పడేది ఇండియా ఇళ్లలో. బొంబాయి పాట బొంబాయివాడి చెవిన పడటానికి లంక దాకా పోయి రావలసి వచ్చిందన్నమాట.

కారణం మన ఇంట్లోనే ఉంది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం, సినిమా పాటంటే పడదు. ఆకాశవాణిలో సినిమా పాటలకు కోత పడింది. సినిమా పేరు చెబితే ప్రచారమవుతుందని పేరు చెప్పడం కూడా మానేశారు. నిర్మాతలు అలిగి పాటలు ఇవ్వడం మానుకున్నారు. జనం అలగలేదు. మర తిప్పుకున్నారు. యుద్ధకాలంలో మిత్రదళాల సైనికుల కోసం లంకలో పెట్టిన బలమైన ట్రాన్స్‌మీటర్లు అప్పటికే రేడియో సిలోన్ చేతికొచ్చి ఉన్నాయి. ప్రకటనలు తీసుకునే వాణిజ్య విభాగమూ ఉంది. కేస్కర్ తలుపు మూస్తే, కొలంబో కిటికీ తీసిందని అనను. ఆ కిటికీ అంతకుముందే తెరిచి ఉంది, మనం అప్పుడు చూశాం.

గీత్‌మాలా మొదట్లో చార్టు కాదు, పోటీ. ఏడు పాటలు వేసి, వాటిని సరైన వరసలో పెట్టమని శ్రోతలను అడిగేవారు. గెలిచినవాళ్లకు వంద రూపాయలు. మొదటి కార్యక్రమానికే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయని, ఏడాది తిరిగేసరికి అవి వారానికి అరవై అయిదు వేలకు పెరిగాయని సయానీ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. ఆ ఉత్తరాలన్నీ విప్పి చూసే కుర్రాడికి వారానికి పాతిక రూపాయలు ముట్టేవట. ఈ ఉత్తరాల వరదకు తట్టుకోలేకే 1954 చివర్లో పోటీ ఆపి, పాటలకు మెట్లు కట్టే పద్ధతి తెచ్చారు. హిందీలో ఆ మెట్టును పాయ్‌దాన్ అనేవాడు. రికార్డులు అమ్మే షాపులు ఇచ్చిన లెక్క, ఊరూరా వెలిసిన రేడియో శ్రోతల సంఘాల ఓట్లు, ఈ రెండూ కలిపి వరస. అమ్మకం ఒక్కటే చూస్తే రికార్డు కొనలేని బీదవాడి ఇష్టానికి చోటుండదని ఈ ఏర్పాటు. లండన్ పట్టికకంటే కొలంబో పట్టికకు ఈ విషయంలో బుద్ధి ఎక్కువని నా అభిప్రాయం.

గీత్‌మాలా కొలంబో నుంచి 1988 దాకా నడిచింది. ఆ పైన వివిధ భారతికి మారి, 1994 వరకు సాగింది. సయానీ 2024 ఫిబ్రవరి 20న కన్నుమూశాడు. లంకలో రేడియో సిలోన్ అన్న పేరు 1967లోనే పోయింది. దేశం పేరే 1972లో మారింది. మన వైపు ఎవరూ ఆ మార్పును పట్టించుకోలేదు. మా మేనమామ చివరిదాకా సిలోన్ అనే అన్నాడు.

*ఉప్పు నీటి మీది మాట*

రేడియో తరంగం రాత్రిపూట దూరం పోతుందన్నది అందరికీ తెలిసిందే. పగలు ఎండకు ఆకాశంలో ఏర్పడే కింది పొర ఒకటి మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగుంకితే అది కరిగిపోయి, తరంగం పై పొరకు తగిలి దూరాన దిగుతుంది. షార్ట్‌వేవ్ అయితే పగలూ రాత్రీ ఆ పై పొరను పట్టుకునే ఎగురుతుంది. అంత ప్రచారం లేని సంగతి ఇంకొకటుంది. నేల మీద పాకే తరంగం ఎండిన గట్టు మీద త్వరగా నీరసిస్తుంది, ఉప్పునీటి మీద మాత్రం హాయిగా జారిపోతుంది. కోస్తా పల్లెల్లో రేడియోలు దూరపు స్టేషన్లను బాగా పట్టడానికి ఇదొక కారణం.

రేడియో సిలోన్‌లో తెలుగు కార్యక్రమమూ ఉండేది. మీనాక్షి పొన్నుదురై గొంతు ఆ తరం తెలుగువాళ్లలో చాలామందికి ఇప్పటికీ గుర్తు. మద్రాసు కేంద్రం 1938 జూన్‌లో, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో మొదలై, తెలుగు వినిపిస్తూనే ఉన్నాయి. కానీ వాటిలో వ్యవసాయ వార్తలు, కచేరీలు, హరికథలు దాటి సినిమా పాట కోసం కాచుకోవాలి. కొలంబోలో కాచుకోవడం ఉండదు, పాట వెనక పాటే. అందుకే మా సైకిల్ షాపు బెంచీ మీద సాయంత్రమయ్యేసరికి చోటు దొరికేది కాదు. రేడియో లైసెన్సు పుస్తకం పోస్టాఫీసులో ఇచ్చి రుసుము కట్టేది మన సర్కారుకు, వినేది పక్కదేశాన్ని. మామ దీన్ని తలుచుకుని నవ్వేవాడు: "కట్నం ఈడ, కాపురం ఆడ."

*నెల్లూరు గొంతు ఆ మెట్ల మీద*

గీత్‌మాలా ఏడాదికొక పాటను శిఖరాన నిలబెట్టేది. 1953లో అనార్కలి సినిమాలో లతా మంగేష్కర్ పాట. అక్కణ్నుంచి వరసగా ముకేశ్, రఫీ, లతా, కిశోర్... దాదాపు నలభై ఏళ్లు దక్షిణాది మగ గొంతుకు ఆ శిఖరం మీద చోటు దొరకలేదు. 1991 జాబితా తీయండి. మొదటి మెట్టు మీద సాజన్ సినిమా యుగళగీతం, ఆడగొంతు అల్కా యాగ్నిక్‌ది, మగగొంతు నెల్లూరులో హరికథలు చెప్పుకున్న సాంబమూర్తిగారి అబ్బాయిది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని హిందీలోకి రానివ్వడానికి పదేళ్ల ముందు జరిగిన తర్జనభర్జన ప్రసిద్ధమే. 1981లో 'ఏక్ దూజే కే లియే' తీసేటప్పుడు, ఈ ఉచ్చారణ హిందీకి కుదరదని లక్ష్మీకాంత్–ప్యారేలాల్ జంకారు. కథలో కుర్రాడు మద్రాసువాడే కదా, యాస ఉంటేనే అందం అని దర్శకుడు బాలచందర్ పట్టుబట్టాడు. ఆ సినిమాలో బాలు పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. అసలు ఆ సినిమా కూడా పొరుగు లెక్కే. దాని మాతృక మన 'మరో చరిత్ర', 1978లో విశాఖ ఒడ్డున తీసినది, డబ్బింగు లేకుండా తెలుగులోనే మద్రాసులో ఏడాది దాటి ఆడింది. భాష రాని తమిళులు ఆ పాటలను తెలుగులోనే పాడుకున్నారు.

బాలుగారికి జాతీయ పురస్కారాలు ఆరు, నాలుగు భాషల్లో: తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి. ఇది కాగితం మీద నిలిచే లెక్క. ఎన్ని పాటలు పాడారన్నది మాత్రం చేపల సంతలో బేరం లాంటిది. నలభై వేలు అని అందరూ అంటారు. ఒకసారి పలకా బలపం పట్టుకుని చూద్దాం. మొదటి పాట రికార్డయింది 1966 డిసెంబరు 15న, కోదండపాణి సంగీతంలో, 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' కోసం. చనిపోయింది 2020 సెప్టెంబరు 25న. మధ్య సుమారు యాభై నాలుగేళ్లు. నలభై వేలను దాంతో భాగిస్తే ఏడాదికి 740. అంటే ఒక్కరోజు సెలవు లేకుండా, దీపావళికీ జ్వరానికీ కూడా, రోజుకు రెండు పాటలు. నమ్మశక్యం కాదు అనబోతాం. కానీ 1981 ఫిబ్రవరి 8న బెంగుళూరులో ఉపేంద్ర కుమార్ సంగీతంలో పొద్దున్నుంచి రాత్రిలోగా ఇరవై ఒక్క కన్నడ పాటలు పాడారన్న మాట గుర్తుకొచ్చి నోరు మూసుకుంటాం. ఒక్కరోజు పని పదిరోజుల సగటును మింగేసింది కదా!

ఈ పాటల సంఖ్య విషయంలో గిన్నిస్ పుస్తకమే ఒకసారి చెయ్యి కాల్చుకుంది. 1974లో లతా పేరిట పాతిక వేల పాటలని వేశారు. నాకంతకంటే ఎక్కువున్నాయని రఫీ ఉత్తరాలు రాశాడు. పరిశోధకులు రికార్డులు ఒక్కొక్కటే ఏరి లెక్కపెట్టి, అంత లేదు పొమ్మన్నారు. చివరికి 1991లో ఆ పద్దునే కొట్టేశారు. తరువాత 2011లో ఆశా భోస్లేకు పదకొండు వేలతో చోటిచ్చారు. ఆమెను దాటింది మన విజయనగరం బిడ్డ. 2016 జనవరిలో పి. సుశీల పేరిట 17,695 పాటలు నమోదయ్యాయి. గుండ్రటి సున్నాలు లేని ఆ అంకె చూడండి. పాటకు పాట జాబితా కట్టినవాళ్లెవరో ఉన్నారని చివర్న ఆ అయిదే చెబుతుంది. నాకు నలభై వేలకంటే 17,695 మీద గౌరవం ఎక్కువ. బాలుగారి మీద ప్రేమ తగ్గిందని కాదు.

*చేపలు తెచ్చిన పాట*

ఇక పాట అటునుంచి ఇటు రావడం. 1970లలో లంక నుంచి మన ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిలో 'సురాంగని' ఒకటి. సిలోన్ మనోహర్‌గా పేరుపడ్డ ఎ.ఇ. మనోహరన్ పాడిన బైలా పాట. పోర్చుగీసువాళ్లు లంకలో వదిలి వెళ్లిన చిందులే బైలా. పాటలో సంగతి ఏమిటంటే, ఓ సురాంగనీ, నీకోసం చేపలు తెచ్చానని ప్రియుడు చెప్పడం. ఇది నెల్లూరులో ఎందుకు అంత అతికిందో వేరే చెప్పాలా? ప్రేయసికి మల్లెపూలు తెచ్చే పాటలు మనకు బోలెడు. చేపలు తెచ్చే పాట కావలసి వస్తే సముద్రం దాటించుకోవలసి వచ్చింది. మామిడికాయ వేసి పులుసు పెట్టే ఊళ్లో కొరమీను కంటే గొప్ప కానుక ఏముంది గనక! 1977లో ఇళయరాజా దాన్ని ఒక తమిళ సినిమాలో వాడుకున్నాడు. కాలేజీ విహారయాత్రల బస్సుల్లో నలభై ఏళ్లు అది వినబడుతూనే ఉంది.

ఇటునుంచి అటు పోయినవి ఇంకా ఎక్కువ. మొట్టమొదటి సింహళ టాకీ 'కడవును పొరొందువ' 1947 జనవరి 21న కొలంబోలో విడుదలైంది. తీసింది మాత్రం మదురైలో, తమిళ నిర్మాత డబ్బుతో, తమిళ సంగీత దర్శకుడితో. ఆపై దాదాపు పదేళ్లు సింహళ సినిమాలు మద్రాసు చుట్టుపక్కలే తయారయ్యేవి. స్టూడియోలు ఇక్కడ ఉంటే గాయనులు కూడా ఇక్కడివాళ్లే. చంద్రగిరిలో పుట్టిన జిక్కి, మన జమునారాణి, సుశీల సింహళంలో పాడారు. అర్థం తెలియకుండా తెలుగు లిపిలో రాసుకుని పాడటం మద్రాసు స్టూడియోల్లో నిత్యకృత్యమే. ఆ పాటలు విని పెరిగిన లంక ముసలమ్మలకు జమునారాణి పరాయిది కాదు.

మొహిదీన్ బేగ్ సంగతి మరీ చిత్రం. 1919లో సేలంలో పుట్టిన ముస్లిం పిల్లవాడు, పదేళ్లు దాటాక లంకకు వెళ్లాడు. బుద్ధభక్తి గీతాలు పాడి, వైశాఖ పున్నమి వచ్చిందంటే లంక వీధివీధినా వినపడే గొంతయ్యాడు. 1991లో పోయాడు, గొంతు పోలేదు. తమిళనేల మీద పుట్టి, ఖురాను చదువుకుని, సింహళంలో బుద్ధుణ్ని పాడితే, అతని పాటల్ని ఏ దేశపు జాబితాలో రాయాలి?

అసలు అన్నిటికంటే ఎక్కువసార్లు మోగే పాట ఏదంటే జాతీయ గీతమే కదా. అక్కడా ఇదే చిక్కుముడి. మన జనగణమనకు రవీంద్రుడు ఇంగ్లీషు అనువాదం రాసుకున్నది 1919లో, మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో. లంక గీతాన్ని కట్టింది శాంతినికేతనంలో ఆ రవీంద్రుని దగ్గర చదువుకున్న ఆనంద సమరకోన్. మాల్దీవుల గీతానికి 1972లో బాణీ కట్టింది లంక సంగీతకారుడు అమరదేవ. బంగ్లాదేశ్ గీతం మళ్లీ రవీంద్రుడిదే. నాలుగు దేశాలు, ఒకరి వాకిట్లో ఇంకొకరి ముగ్గు.

*బంగారు పళ్లెం బరువెంత*

సినిమా పాట సంగతి వదిలి, ఆల్బమ్ దగ్గరికి వద్దాం. ఆ మాట పుట్టింది ఫోటోల ఆల్బమ్ నుంచే. ఒక్కో పక్క మూడు నాలుగు నిమిషాలు మాత్రమే మోగే లక్క రికార్డులు నాలుగైదింటిని అట్టపుస్తకంలో కుట్టి అమ్మేవారు. 1948లో లాంగ్‌ప్లే రికార్డు వచ్చి ఆ పుస్తకాన్ని ఒక్క పళ్లెంలోకి కుదించింది, పేరు మాత్రం మిగిలింది.

అమెరికాలో పది లక్షల ప్రతులు పోతే ప్లాటినం పళ్లెం. పక్కనున్న కెనడాలో చాలాకాలం లక్ష పోతే చాలు, అదే పళ్లెం. 2008 నుంచి ఎనభై వేలకే దించారు. మోసమేం కాదు, జనాభా అంత తేడా. ఆ తేడాను ముచ్చటగా చూపే ఆల్బమ్ ఒకటుంది. కెనడా గాయని షనాయా ట్వెయిన్ 1997లో తెచ్చిన 'కమ్ ఆన్ ఓవర్'కు అమెరికాలో రెండు కోట్ల ప్రతుల గుర్తింపు, కెనడాలో ఇరవై లక్షలది. అప్పటి జనాభాలతో భాగిస్తే అటూ ఇటూ పధ్నాలుగు పదిహేను మందికొకటి చొప్పున తేలుతుంది. సరిహద్దు గీత ఉందన్న సంగతే ఆ ఆల్బమ్‌కు తెలియనట్టు! ఇంకా వింత, అన్ని కోట్లు అమ్ముడైనా అమెరికా ప్రధాన జాబితాలో అది రెండో మెట్టు దాటలేదు. ఒక వారంలో ఉరికినవాళ్లు మొదటి మెట్టెక్కారు, ఇది ఏళ్లతరబడి నడిచింది.

దీనికి పూర్తిగా ఎదురు కథ ట్రాజికల్లీ హిప్ బృందానిది. కెనడాలో వాళ్ల ఆల్బమ్‌లు తొమ్మిది మొదటి స్థానానికి వెళ్లాయి. గాయకుడికి మెదడులో కేన్సరని తెలిశాక 2016 ఆగస్టు 20న సొంతూరు కింగ్‌స్టన్‌లో చేసిన ఆఖరి కచేరీని ఒక కోటీ పదిహేడు లక్షల మంది చూశారు, విన్నారు. ఆ దేశంలో ముగ్గురిలో ఒకరన్నమాట. కింగ్‌స్టన్ నుంచి అమెరికా సరిహద్దు ఒక సరస్సు అవతల. అవతలి ఒడ్డున వాళ్ల పేరు తెలిసినవాళ్లు తక్కువ. అక్కడి జాబితా పైమెట్ల జోలికి ఎన్నడూ పోలేదు. ఎందుకు దాటలేదో పండితులు పేజీలకు పేజీలు రాశారు. పాటల నిండా కెనడా ఊళ్లు, హాకీ ఆటగాళ్లు ఉండటమే కారణమని కొందరంటారు. అది నిజమైతే చేపల పాట నెల్లూరుకెట్లా వచ్చిందో చెప్పాలి.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లది మరో తగువు. క్రౌడెడ్ హౌస్ బృందం పుట్టింది మెల్‌బోర్న్‌లో, పాటగాడు నీల్ ఫిన్ పుట్టింది న్యూజీలాండ్ పల్లెటూళ్లో. 1986లో వచ్చిన వాళ్ల పేరుమోసిన పాట న్యూజీలాండ్‌లో ఒకటో స్థానం, అంత దూరాన అమెరికాలో రెండో స్థానం చేరింది. సొంతమనుకున్న ఆస్ట్రేలియాలో ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. 2001లో రెండు దేశాలూ తమతమ గొప్ప పాటల జాబితాలు వేసుకుంటే, ఆ పాట రెండిటిలోనూ ఎక్కింది: ఆస్ట్రేలియాలో ఏడు, న్యూజీలాండ్‌లో రెండు. బాలుగారు మావారంటే మావారని తెలుగువాళ్లూ తమిళులూ అనుకోవడం విన్నవాళ్లకు ఇదేం కొత్త కాదు. ఇల్లు నెల్లూరు తిప్పరాజువారి వీధిలో, సమాధి చెన్నై శివారు తామరైపాక్కంలో.

మన దగ్గర ఆల్బమ్‌లకు ఇలాంటి పద్దు ఎప్పుడూ కుదరలేదు. కేసెట్ల రోజుల్లో ఒక అసలుకు ఎన్నో నకిలీలు. బజారులో పదిహేను రూపాయలకు ఖాళీ టేపు కొనిస్తే కోరిన పాటలు నింపి ఇచ్చే షాపులు నెల్లూరులో సందుకొకటి. ఆ అమ్మకం ఎవరి ఖాతాలో రాస్తారు? సినిమా విడుదలకు ముందే ప్లాటినం డిస్కు వేడుకలు జరిపి జ్ఞాపికలు పంచుకున్న కాలం కూడా చూశాం. అందుకే అంకెల జోలికి పోకుండా చెప్పాలంటే, తెలుగునాట ఏ జాబితాకూ ఎక్కకుండానే ఏనాడూ దిగని ఆల్బమ్‌లు రెండు. 1963లో వచ్చిన ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వేంకటేశ సుప్రభాతం, దాని రాయల్టీ తిరుమల దేవస్థానం వేదపాఠశాలకు రాసిచ్చారామె. రెండోది ఘంటసాల భగవద్గీత. మొదటిది తెల్లారగట్ల గుడి మైకులో, రెండోది ఎవరో పోయిన ఇంట్లో. పొద్దున లేవడమూ, మనుషులు పోవడమూ ఆగవు కాబట్టి వాటి గిరాకీ తగ్గదు.

*కొత్త పద్దు*

ఇప్పుడు లెక్క మళ్లీ పరాయి ఇంట్లోనే నడుస్తోంది, ఈసారి కొలంబోలో కాదు, కాలిఫోర్నియాలో. యూట్యూబ్ ఏ పాటను ఎన్నిసార్లు చూశారో గడియ గడియకూ చూపిస్తుంది. 2021 మేలో లంక గాయని యొహానీ, సతీశన్ రత్నాయకతో కలిసి 'మణికే మగే హితే' పాడి పెట్టింది. అదే పాట అంతకు ముందు ఏడాదే సతీశన్ గొంతులో వచ్చి ఉంది, సముద్రం దాటలేదు. యొహానీ పాడింది ఇరవై కోట్ల వీక్షణలు దాటింది. లంక జనాభా రెండు కోట్ల ఇరవై లక్షలు. ఊళ్లో ప్రతి ఒక్కరూ, ఊయలలో పాపతో సహా, తలా తొమ్మిదిసార్లు చూస్తే గానీ ఆ లెక్క తేలదు. చూసింది వాళ్లు కాదు, మనం. మరుసటేడు ఆ బాణీ హిందీ సినిమాలోకి కూడా వచ్చింది. సింహళ పాటకు సింహళం రానివాళ్లే పెద్ద బజారు కావడం, 'మరో చరిత్ర'కు మద్రాసు బజారు కావడం లాంటిదే. మన 'నాటు నాటు'నూ తెలుగు తెలిసినవాళ్లు నెత్తినెక్కించుకుంటే 2023 మార్చిలో ఆస్కార్ దాకా పోలేదు కదా.

మొన్న మాఘమాసంలో మైపాడు వెళ్లాను. ఒడ్డున పడవ అంచు మీద ఫోను నిలబెట్టుకుని నలుగురు పిలకాయలు రీల్ తీసుకుంటున్నారు. పాట అదే, మణికే. చేతులు తిప్పడం, నడుం ఊపడం అన్నీ సరిగ్గా కుదిరేదాకా ఏడుసార్లు తీశారు. ఆఖరికి ఒకడు చెమట తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నాడు.

"ఏ భాష పాటరా అబ్బయ్యా అది?"

"మలయాళం అనుకుంటా సార్."

నేను చెయ్యెత్తి ఒడ్డు వెంబడి నేరుగా దక్షిణానికి చూపించాను. వాడు అటే కళ్లు చికిలించి చూశాడు కాసేపు.

"చెన్నైనా?"